పాలపుంత నుంచి వచ్చే విశ్వకిరణాల్లో ఐసోటోపులను ఎలా కొలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

విశ్వకిరణాల మాట వచ్చినప్పుడల్లా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. కంటికి కనిపించని ఒక్క కేంద్రకాన్ని పట్టుకుని అందులో ఎన్ని న్యూట్రాన్లున్నాయో ఎలా చెబుతారు? చెప్పి ఏం తెలుసుకుంటారు? అలాంటి ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి, పని జరిగే వరుసలో పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లోనే వచ్చే ప్రశ్నలు

విశ్వకిరణాలంటే ఒకరకం కాంతేనా? అందులో ఐసోటోపులేమిటి?

కాంతి కాదు. విశ్వకిరణాలంటే విపరీతమైన వేగంతో దూసుకొచ్చే పరమాణు కేంద్రకాలు, వాటితోపాటు కొద్దిపాటి ఎలక్ట్రాన్లు. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని చూపించాడు. 1948లో బెలూన్లలో పంపిన ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్లలో బరువైన కేంద్రకాల జాడలు కూడా దొరికాయి. వచ్చే కేంద్రకాల్లో సుమారు 90 శాతం హైడ్రోజన్, దాదాపు 9 శాతం హీలియం. మిగిలిన ఒక్క శాతంలో కార్బన్, ఆక్సిజన్, ఇనుము వంటివన్నీ ఉంటాయి. ప్రోటాన్ల సంఖ్య ఒకటే ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారితే అవి ఒకే మూలకపు ఐసోటోపులు. ఇనుము-56, ఇనుము-58 రెండింటిలోనూ 26 ప్రోటాన్లే. తేడా రెండు న్యూట్రాన్లు.

ఏ మూలకం ఎంత ఉందో తెలిస్తే చాలదా? ఐసోటోపుల దాకా ఎందుకు వెళ్లాలి?

చాలదు. ఒక మూలకం విశ్వకిరణాల్లో ఎక్కువగా కనిపిస్తే దానికి రెండు కారణాలుండొచ్చు. అది పుట్టిన చోటే ఎక్కువగా తయారై ఉండొచ్చు. లేదా తయారైంది మామూలుగానే అయినా, వేగం అందుకునే చోటికి చేరడంలో దానికి సులువు దొరికి ఉండొచ్చు. ఆ మూలకం ధూళి రేణువుల్లో చేరుతుందా, వాయువుగానే ఉంటుందా, ఎంత తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుకుంటుందనే రసాయన గుణాలు ఈ ఎంపికను మార్చేస్తాయి. ఒకే మూలకపు ఐసోటోపులకు రసాయన గుణాలు దాదాపు ఒకటే కాబట్టి ఈ వడపోత రెండింటికీ ఒకేలా జరుగుతుంది. నియాన్-22కూ నియాన్-20కూ మధ్య నిష్పత్తి తేడాగా ఉందంటే, ఆ తేడా కేంద్రక చర్యల నుంచే వచ్చిందని చెప్పొచ్చు. ఇంత కష్టపడి ఐసోటోపులను విడదీయడానికి నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బలమైన కారణం. రేడియోధార్మిక ఐసోటోపులైతే వీటికి తోడు కాలాన్ని కూడా చెబుతాయి.

సూర్యుడి నుంచి కూడా కణాలు వస్తాయి కదా, వాటిని ఎలా వేరు చేస్తారు?

ముఖ్యంగా శక్తిని బట్టి, సమయాన్ని బట్టి. సౌర విస్ఫోటాలప్పుడు వచ్చే కణాలు గంటల నుంచి రోజుల పాటు వెల్లువలా వచ్చి తగ్గిపోతాయి. వాటి శక్తి సాధారణంగా తక్కువ. అంత పెద్ద వెల్లువ నడుస్తున్న రోజుల డేటాను విశ్లేషణ నుంచి తీసేస్తారు. అసాధారణ విశ్వకిరణాలని ఇంకో గుంపు ఉంది. సౌరమండలంలోకి వచ్చిన తటస్థ వాయువు అయనీకరణం చెంది, సౌర పవన (సూర్యుడి నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహం) ప్రభావం ఉన్న ప్రాంతపు అంచుల దగ్గర వేగం అందుకోవడం వల్ల ఇవి పుడతాయి. ఇవి కూడా తక్కువ శక్తి దగ్గరే ఎక్కువ. ఒక్కో న్యూక్లియాన్‌కు (అంటే కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్‌కు లేదా న్యూట్రాన్‌కు) శక్తి వంద మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటాక, ప్రశాంతంగా ఉన్న రోజుల్లో వచ్చే బరువైన కేంద్రకాలు దాదాపు అన్నీ పాలపుంతవే.

లిథియం, బెరీలియం, బోరాన్ గురించే అంత చర్చ ఎందుకు?

నక్షత్రాలు వీటిని తయారు చేయడం కంటే నాశనం చేయడమే ఎక్కువ. సౌరమండల పదార్థంలో ఇవి చాలా అరుదు. విశ్వకిరణాల్లో మాత్రం పక్కనున్న కార్బన్, ఆక్సిజన్‌లతో పోలిస్తే వీటి వాటా లక్ష రెట్ల స్థాయిలో ఎక్కువ. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు దారిలో నక్షత్రాల మధ్యనున్న హైడ్రోజన్, హీలియం వాయువును ఢీకొని ముక్కలవుతాయి. ఆ ముక్కలే ఇవి. ఇలా దారిలో పుట్టినవాటిని ద్వితీయ కేంద్రకాలని, మూలం నుంచి నేరుగా వచ్చినవాటిని ప్రాథమిక కేంద్రకాలని అంటారు. ద్వితీయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ప్రాథమికాలు ఎంత పదార్థం గుండా ప్రయాణించాయో తెలుస్తుంది. ఒక్కో న్యూక్లియాన్‌కు ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు దరిదాపుల్లో అది చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 10 గ్రాములు.

## కొలిచే పద్ధతి గురించి

ఒక్క కేంద్రకపు ద్రవ్యరాశిని ఎలా కొలుస్తారు?

దాన్ని ఆపి. ఆవేశమున్న కణం సిలికాన్ పొర గుండా పోతూ కొంత శక్తిని వదులుతుంది. ఆ శక్తి ఆవేశపు వర్గానికి అనులోమంగా, వేగపు వర్గానికి దాదాపు విలోమంగా ఉంటుంది. తర్వాతి పొరల్లో కణం పూర్తిగా ఆగిపోతే మిగిలిన శక్తి మొత్తం అక్కడ నమోదవుతుంది. గతిశక్తి ద్రవ్యరాశి, వేగపు వర్గాల మీద ఆధారపడుతుంది. మొదటి పొరలో పోయిన శక్తిని మిగిలిన శక్తితో గుణిస్తే వేగం కొట్టుకుపోయి, ఆవేశపు వర్గం, ద్రవ్యరాశి మిగులుతాయి.

బండి ఉదాహరణ తీసుకుంటే, ఒకే వేగంతో వస్తున్న ఖాళీ బండికీ లోడు బండికీ ఒకే బలంతో బ్రేకు వేస్తే లోడు బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఇనుము-56కూ ఇనుము-57కూ ఆవేశం ఒకటే కాబట్టి, ఒకే వేగం దగ్గర సిలికాన్ వాటిని ఆపే బలమూ ఒకటే. బరువైనది కాస్త లోతుకు వెళ్తుంది. అసలు విశ్లేషణలో, పదార్థంలో కణం శక్తి కోల్పోయే తీరును చెప్పే బెథే సమీకరణం ఆధారంగా, శక్తికీ చొచ్చుకుపోయే దూరానికీ ఉన్న సంబంధాన్ని కచ్చితంగా వాడతారు. సూత్రం మాత్రం ఇదే.

ఆవేశం తేలిగ్గా తెలుస్తుంది, ద్రవ్యరాశే కష్టం అంటారు. ఎందుకు?

అంకెలు చూస్తే తెలిసిపోతుంది. ఇనుముకు ఆవేశం 26, మాంగనీసుకు 25. వదిలే శక్తి ఆవేశపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వీటి మధ్య తేడా 676కీ 625కీ ఉన్న తేడా, అంటే 8 శాతం. ఇనుము-56, ఇనుము-57 మధ్య ద్రవ్యరాశి తేడా 1.8 శాతమే. కొలిచిన ద్రవ్యరాశుల గ్రాఫులో రెండిటి గుట్టలు విడిగా కనిపించాలంటే కొలతలో వచ్చే చెదురు ఆ తేడాలో నాలుగో వంతుకు మించకూడదు. అంటే ఒక్కో కణానికీ సుమారు 0.45 శాతం. తేలిక మూలకాల దగ్గర ఇంత ఇబ్బంది లేదు. బెరీలియం-9, బెరీలియం-10 మధ్య తేడా పది శాతానికి పైనే. అందుకే ఐసోటోపుల కొలతలు తేలిక మూలకాలతో మొదలై, ఇనుము దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అంత సున్నితంగా కొలవాలంటే ఏమేం తెలిసి ఉండాలి?

మొదట పొర మందం. ద్రవ్యరాశిలో వచ్చే పొరపాటు, కణం పొరలో ప్రయాణించిన దూరంలో ఉన్న పొరపాటుకు దాదాపు 1.3 రెట్లు. 0.45 శాతం కావాలంటే దూరం 0.35 శాతానికి తెలియాలి. 3 మిల్లీమీటర్ల పొరలో అది 10 మైక్రోమీటర్లు. పొర అంతటా మందం ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి డిటెక్టరుకూ మందం మ్యాప్ గీయాలి.

తర్వాత వాలు. కణం 30 డిగ్రీల వాలుతో వస్తే కోణంలో కేవలం మూడో వంతు డిగ్రీ తప్పు ఆ 0.35 శాతాన్ని మింగేస్తుంది. అందుకే కణం ఏ దారిన వచ్చిందో చెప్పే భాగం పరికరంలో తప్పనిసరి. చాలామంది సిలికాన్ గురించే అడుగుతారు గానీ, దారి చూపించే భాగం బాగా లేకపోతే ఎంత మంచి సిలికాన్ ఉన్నా ఇనుము ఐసోటోపులు విడిపోవు.

వీటిపైన ఎలక్ట్రానిక్ నాయిస్ ఉంటుంది, సిలికాన్ ఉపరితలం దగ్గర సిగ్నల్ ఇవ్వని పలుచని పొర ఉంటుంది. ఇక కణం వదిలే శక్తిలోనే సహజంగా ఉండే హెచ్చుతగ్గులున్నాయి. ఎన్ని కోట్లు ఖర్చు పెట్టినా ఈ ఒక్కదాన్నీ తగ్గించలేం. ఒకే కణాన్ని చాలా పొరల్లో కొలిచి సగటు తీసుకోవడమే దారి.

ఇలాంటి నిజమైన పరికరం లోపల ఏముంటుంది?

ఇప్పటికీ ఈ రంగానికి కొలమానంగా నిలిచింది ఏసీఈ అంతరిక్ష నౌకలోని క్రిస్ పరికరం. పూర్తి పేరు కాస్మిక్ రే ఐసోటోప్ స్పెక్ట్రోమీటర్. 1997 ఆగస్టులో నాసా ప్రయోగించింది. పైభాగంలో మెరుపునిచ్చే సన్నని ఆప్టికల్ ఫైబర్ల అరలు ఉంటాయి. ఒక్కో ఫైబర్ మందం 200 మైక్రోమీటర్లు. కణం తాకినప్పుడు ఏ ఫైబర్లు మెరిశాయో ఇమేజ్ ఇంటెన్సిఫయర్, సీసీడీ కెమెరాలతో చూసి దారిని గీస్తారు. దాని కింద నాలుగు సిలికాన్ దొంతరలు. ఒక్కో దొంతరలో 3 మిల్లీమీటర్ల మందమున్న లిథియం డ్రిఫ్టెడ్ సిలికాన్ పలకలు 15, వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు. ఒక్కో న్యూక్లియాన్‌కు సుమారు 50 నుంచి 500 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య శక్తి ఉన్న కేంద్రకాలను ఇది ఆపి కొలుస్తుంది. పంపే ముందు అయాన్ పుంజాలతో క్యాలిబ్రేషన్ చేశారు.

అయస్కాంతం వాడే పరికరాలు వేరే పద్ధతిలో పనిచేస్తాయా?

అవును, వాటిలో కణాన్ని ఆపక్కర్లేదు. అయస్కాంత క్షేత్రంలో దారి ఎంత వంగిందో చూస్తే ఆవేశానికీ ద్రవ్యవేగానికీ ఉన్న నిష్పత్తి తెలుస్తుంది. ఆవేశాన్ని, వేగాన్ని విడిగా కొలిస్తే ద్రవ్యరాశి లెక్కకు వస్తుంది. కణం ఒక పొర నుంచి ఇంకో పొరకు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం చెప్పొచ్చు. ఇంకా కచ్చితంగా కావాలంటే చెరెన్‌కోవ్ కాంతి వలయాన్ని కొలవాలి. ఒక పదార్థంలో కాంతి పోయే వేగాన్ని మించి కణం పోతే అక్కడ పుట్టే కాంతి అది. 2006లో కక్ష్యకు వెళ్లిన పమేలా, 2011 మే నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద పనిచేస్తున్న ఏఎంఎస్-02 ఈ తరహావే. ఏఎంఎస్‌లో చెరెన్‌కోవ్ కాంతి కోసం ఏరోజెల్, సోడియం ఫ్లోరైడ్ వాడారు. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం వంటి తేలిక కేంద్రకాల ఐసోటోపులకు, కాస్త ఎక్కువ శక్తి దగ్గర, ఈ పద్ధతే నప్పుతుంది.

మరి ఇంకా ఎక్కువ శక్తి దగ్గర, టెరా ఎలక్ట్రాన్ వోల్టులలో, ఐసోటోపులు ఎందుకు కొలవరు?

వేగాన్ని అంత కచ్చితంగా ఎవరూ కొలవలేరు కాబట్టి. ద్రవ్యరాశిలో పొరపాటు అంటే వేగంలో ఉన్న పొరపాటును లోరెంట్జ్ గుణకపు (వేగం కాంతి వేగానికి దగ్గరయ్యేకొద్దీ పెరిగే సంఖ్య) వర్గంతో గుణించినంత. ఒక్కో న్యూక్లియాన్‌కు 2.8 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆ గుణకం 4, దాని వర్గం 16. అక్కడ వేగంలో ఒక శాతం తప్పుంటే ద్రవ్యరాశిలో 16 శాతం తప్పు వస్తుంది. బెరీలియం-9, 10 కలిసిపోతాయి. వేగం వెయ్యిలో ఒక వంతుకు తెలిస్తే తప్పు 1.6 శాతానికి దిగుతుంది, అప్పుడు పని అవుతుంది. ఒక్కో న్యూక్లియాన్‌కు ఒక టెరా ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర గుణకం వెయ్యి దాటుతుంది, వర్గం పది లక్షలు. కణాలన్నీ దాదాపు కాంతి వేగంతోనే పోతుంటాయి, తేడా పట్టుకునే వీలుండదు. అక్కడ మూలకాల కొలతతోనే సరిపెట్టుకోవాలి.

## ఎక్కడి నుంచి కొలవాలి

నేల మీద పెద్ద పరికరం పెట్టి కొలవలేమా?

కుదరదు. మన తల మీద ఉన్న గాలి చదరపు సెంటీమీటరుకు వెయ్యి గ్రాములకు పైనే. ఇనుము కేంద్రకం అందులో కొన్ని పదుల గ్రాములు దాటేలోపే ముక్కలైపోతుంది. నేలకు చేరేది ద్వితీయ కణాల జల్లు. ఆ జల్లును బట్టి మొదటి కణపు శక్తిని, అది తేలికదా బరువుదా అన్నదాన్ని అంచనా వేస్తారు గానీ న్యూట్రాన్ల సంఖ్య చెప్పడం సాధ్యం కాదు.

బెలూన్ చాలా? ఉపగ్రహమే కావాలా?

దేని కోసం అన్నదాన్ని బట్టి. బెలూన్ 36 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తుంది. పైన మిగిలే గాలి చదరపు సెంటీమీటరుకు 3 నుంచి 5 గ్రాములే. అది కూడా ద్వితీయ కేంద్రకాలను పుట్టిస్తుంది. విశ్వకిరణాలు పాలపుంతలో దాటిన మొత్తం పదార్థంతో పోలిస్తే అది చిన్నదేమీ కాదు, అందుకే సవరణ జాగ్రత్తగా చేయాలి. బరువైన అయస్కాంతాలను మోయగలగడం, పరికరం తిరిగి చేతికి రావడం బెలూన్‌లో ఉన్న లాభాలు. నష్టమేమిటంటే సమయం రోజుల్లోనో వారాల్లోనో అయిపోతుంది.

భూమి దగ్గరి కక్ష్యలో గాలి సమస్య లేదు గానీ, భూ అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను చాలా చోట్ల అడ్డుకుంటుంది. ఏసీఈని భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడు, భూమి ఆకర్షణలు సమతూకంలో ఉండే ఎల్1 బిందువు దగ్గర పెట్టింది ఆ అడ్డంకి లేకుండానే. అరుదైన బరువైన ఐసోటోపులకు అక్కడ ఏళ్ల తరబడి కూర్చోవడాన్ని మించిన మార్గం లేదు.

సూర్యుడి ప్రభావం కొలతలను పాడుచేయదా?

మారుస్తుంది, కానీ లెక్కలోకి తీసుకోవచ్చు. సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం లోపలికి వచ్చే కణాలను చెదరగొట్టి వాటి శక్తిని తగ్గిస్తుంది. ఒక్కో న్యూక్లియాన్‌కు 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టులతో మన దగ్గరికి చేరిన కేంద్రకం బయట కొన్ని వందలు ఎక్కువ శక్తితో బయలుదేరి ఉండొచ్చు. 11 ఏళ్ల సౌర చక్రంతో ఇది పెరిగి తగ్గుతుంటుంది. 2009లో సూర్యుడు బాగా నెమ్మదించినప్పుడు, అప్పటివరకు అంతరిక్ష యుగంలో ఎన్నడూ లేనంతగా విశ్వకిరణాలు లోపలికి వచ్చాయని క్రిస్ నమోదు చేసింది. ఒకే మూలకపు ఐసోటోపుల నిష్పత్తి మీద ఈ ప్రభావం చాలావరకు రద్దవుతుంది, పూర్తిగా కాదు. సూర్యుడి ప్రభావం దాటాక పరిస్థితి ఎలా ఉంటుందో వాయేజర్-1 2012 ఆగస్టులో, వాయేజర్-2 2018 నవంబరులో బయటికి వెళ్లి చూపించాయి. నమూనాలను సరిచూసుకోవడానికి ఆ డేటా ఎంత విలువైనదో చెప్పలేం.

## డేటా చేతికొచ్చాక

డిటెక్టర్‌లోనే కేంద్రకం పగిలిపోతే తప్పు ద్రవ్యరాశి రాదా?

వస్తుంది. అందుకే ఒక్కసారి కొలిచి ఊరుకోరు. దొంతరలో మొదటి పొరను వాడి ఒక ద్రవ్యరాశి, రెండో పొరను వాడి ఇంకొకటి, ఇలా ఒకే కణానికి చాలా అంచనాలు కడతారు. కణం పగలకుండా ఆగి ఉంటే అన్నీ ఒకే విలువ దగ్గర ఉంటాయి. మధ్యలో పగిలితే ఆ పొర తర్వాత అంచనాలు పొంతన లేకుండా పోతాయి. అలాంటి కణాన్ని తీసేస్తారు. దొంతర అడుగు నుంచి, పక్కల నుంచి బయటికి పోయిన కణాలను పట్టడానికి విడిగా డిటెక్టర్లుంటాయి. తీసేసిన వాటి సంఖ్య ఒక్కో ఐసోటోపుకు కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి తర్వాత సవరణ వేయాలి.

గ్రాఫులో చిన్న గుట్ట కనిపిస్తే అది అరుదైన ఐసోటోపా, పక్కదాని తోకా?

ఈ ప్రశ్న ఎప్పుడూ అడగాల్సిందే. చెదురు 0.25 ద్రవ్యరాశి యూనిట్లు అనుకుందాం. ఒక ఐసోటోపుకు చెందిన కణాల్లో దాదాపు 2.3 శాతం పక్కదాని గడిలో పడతాయి. పక్కది దీనికంటే వెయ్యి రెట్లు అరుదైనదైతే, అక్కడ కనిపించే ప్రతి నిజమైన కణానికీ 23 దొంగ కణాలుంటాయి. అలాంటప్పుడు గడులు గీసి లెక్కపెడితే లాభం లేదు. గుట్టల ఆకారాన్ని మొత్తంగా ఫిట్ చేయాలి, లేదా ఎక్కువ కణాలను వదులుకుని, దారీ కోణమూ బాగా తెలిసినవే ఉంచి చెదురును తగ్గించాలి.

తోకలు ఎప్పుడూ గణితం చెప్పినంత బుద్ధిగా ఉండవు. ఎక్కడో పగిలిన కణం మనల్ని మోసం చేసి లోపలికి వచ్చి ఉండొచ్చు. ఇలాంటి తోకలు సాధారణంగా తక్కువ ద్రవ్యరాశి వైపే పొడవుగా ఉంటాయి. బరువు వైపు కనిపించే అరుదైన ఐసోటోపును నమ్మడం కొంచెం తేలిక.

లెక్కపెట్టిన సంఖ్య నుంచి మూలం దగ్గరి నిష్పత్తికి ఎలా వెళ్తారు?

మెట్టుమెట్టుగా వెనక్కి. ముందు పరికరంలో పోయినవాటికి సవరణ. ఆ తర్వాత శక్తి సవరణ, ఇది చాలామంది మరిచిపోయేది: ఒకే లోతులో ఆగిన రెండు ఐసోటోపులకు ఒక్కో న్యూక్లియాన్‌కు శక్తి ఒకటే ఉండదు. నిష్పత్తి కట్టే ముందు ఒకే శక్తి దగ్గరికి తేవాలి. తర్వాత సూర్యుడి ప్రభావాన్ని తీసేయాలి. చివరగా, దారిలో ముక్కలవడం వల్ల ఎంత కలిసిందో తీసేయాలి. దీనికి గాల్‌ప్రాప్, ఉజీన్, డ్రాగన్ వంటి ప్రోగ్రాములు వాడతారు.

చివరి మెట్టే అన్నిటికంటే బలహీనమైనది. ఏ కేంద్రకం హైడ్రోజన్‌ను ఢీకొంటే ఏ ఐసోటోపు ఎంత అవకాశంతో పుడుతుందో చాలా సందర్భాల్లో పది, ఇరవై శాతం తేడాతోనే తెలుసు. కణాల లెక్క ఒక శాతానికి వచ్చినా మూలం లెక్క అంత బాగా రాకపోవడానికి కారణం ఇదే.

## ఫలితాలు ఏం చెప్పాయి

బెరీలియం-10ను గడియారం అంటారెందుకు? ఎంత సమయం చూపించింది?

బెరీలియం-10 అర్ధాయువు సుమారు 13.9 లక్షల సంవత్సరాలు. బెరీలియం-9 స్థిరం. రెండూ దారిలో ముక్కలుగానే పుడతాయి, ఎంత నిష్పత్తిలో పుట్టాలో అంచనా ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి 10 ఎంత తగ్గిందో చూస్తే పాలపుంతలో ఎంతకాలం తిరిగాయో తెలుస్తుంది. 1970లలో ఐఎంపీ-7, ఐఎంపీ-8 ఉపగ్రహాల మీద షికాగో విశ్వవిద్యాలయం పెట్టిన పరికరాలు మొదటి గట్టి సమాధానం ఇచ్చాయి: కోటి సంవత్సరాల పైచిలుకు. క్రిస్ కొలతలతో కట్టిన లెక్క సుమారు కోటీ యాభై లక్షల సంవత్సరాలు. అల్యూమినియం-26, క్లోరిన్-36 చూపిన కాలాలు కూడా దీనికి దగ్గర్లోనే ఉన్నాయి.

కాంతి వేగంలో సగానికి మించి పోతూ అంతకాలం తిరిగితే దారి పొడవు డెబ్బై లక్షల కాంతి సంవత్సరాలకు పైనే. పాలపుంత పళ్లెం వ్యాసమేమో లక్ష కాంతి సంవత్సరాల స్థాయిలోది. అంటే నేరుగా రాలేదు, అయస్కాంత క్షేత్రాల్లో చిక్కి అటూఇటూ తిరిగాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అంతకాలంలో దాటిన పదార్థం తక్కువ. సగటున ఘన సెంటీమీటరుకు మూడో వంతు పరమాణువు మాత్రమే, పళ్లెంలో ఉండేదేమో దాదాపు ఒకటి. కాబట్టి చాలా సమయం పళ్లెం పైనా కిందా ఉన్న పల్చటి ప్రాంతంలో గడిపి ఉండాలి.

బెరీలియం-7 అర్ధాయువు 53 రోజులే కదా, మరి విశ్వకిరణాల్లో అది ఎలా మిగిలింది?

చాలామందిని తికమక పెట్టే విషయం. బెరీలియం-7 తన చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్‌ను లోపలికి లాక్కుని క్షయమవుతుంది. వేరే దారి లేదు. విశ్వకిరణాల్లో కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లే ఉండవు, ఆ వేగంలో అన్నీ ఊడిపోయి ఉంటాయి. లాక్కోవడానికి ఎలక్ట్రాన్ లేకపోతే క్షయమూ లేదు. నిజానికి విశ్వకిరణాల్లోని బెరీలియంలో దాదాపు సగం బెరీలియం-7నే.

నికెల్-59 కనిపించకపోవడం అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. నికెల్-59 కూడా ఎలక్ట్రాన్‌ను లాక్కునే రకమే. ఎలక్ట్రాన్లు ఉంటే 76 వేల సంవత్సరాల అర్ధాయువుతో కోబాల్ట్-59గా మారుతుంది. సూపర్నోవా, అంటే పేలిపోయే నక్షత్రం, తాను తయారుచేసిన పదార్థాన్ని వెంటనే వేగవంతం చేసి ఉంటే, ఎలక్ట్రాన్లు ఊడిపోయి నికెల్-59 శాశ్వతంగా నిలిచిపోవాలి. క్రిస్ డేటాలో అది దాదాపు లేదు, కోబాల్ట్-59 మాత్రం ఉంది. అంటే తయారైన తర్వాత కనీసం లక్ష సంవత్సరాల పాటు పదార్థం ఎలక్ట్రాన్లతో నెమ్మదిగానే ఉంది, ఆ తర్వాతే వేగం అందుకుంది. ఒక సూపర్నోవా తన సొంత పదార్థాన్ని అప్పటికప్పుడే విశ్వకిరణాలుగా పంపుతుందన్న ఆలోచనకు దీంతో తెరపడింది. 1999లో వచ్చిన ఈ ఫలితం నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందమైనది. ఒక ఐసోటోపు లేకపోవడమే ఇంత పెద్ద విషయం చెప్పింది.

నియాన్-22 ఎక్కువగా ఎందుకు ఉంది?

సౌర పవనంలో నియాన్-20తో పోలిస్తే నియాన్-22 నిష్పత్తి 0.073. విశ్వకిరణాల మూలం దగ్గర అది సుమారు 0.39, అంటే అయిదు రెట్లకు పైన. ఊల్ఫ్-రాయే అనే భారీ నక్షత్రాలు హీలియం మండే దశలో నియాన్-22ను తయారుచేసి బలమైన గాలులతో బయటికి ఊదేస్తాయి. సుమారు అయిదో వంతు భారీ నక్షత్రాల నుంచి వచ్చిన పదార్థం, మిగిలింది మామూలు అంతరనక్షత్ర పదార్థం అనుకుంటే క్రిస్ కొలతలు బాగా సరిపోతాయి. భారీ నక్షత్రాలు గుంపులుగా పుడతాయి. ముందు గాలులు, తర్వాత ఒకదాని వెనక ఒకటి సూపర్నోవాలు. ముందువాటి పదార్థాన్ని తర్వాతి పేలుళ్ల అఘాత తరంగాలు వేగవంతం చేస్తాయన్న కథకు ఇది బలం.

ఇనుము-60 పదిహేనే దొరికాయట. అంత తక్కువతో ఏదైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. క్రిస్ 17 ఏళ్ల డేటాలో మూడు లక్షలకు పైగా ఇనుము కేంద్రకాలుంటే వాటిలో ఇనుము-60 పదిహేను. 2016లో ప్రకటించారు. సంఖ్య చిన్నదే అయినా చోటు శుభ్రంగా ఉంది. ఇనుము-59 అర్ధాయువు 44 రోజులే కాబట్టి ఆ గడి ఖాళీ. 58 రెండు యూనిట్ల దూరంలో ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ఉండే 56 నాలుగు యూనిట్ల దూరంలో ఉంది. తోక అంత దూరం పాకడం కష్టం.

ఇనుము-60 అర్ధాయువు 26 లక్షల సంవత్సరాలు. దారిలో ముక్కలుగా పుట్టే అవకాశం చాలా తక్కువ. కనిపించిందంటే, తయారై కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే మన దగ్గరికి చేరింది. ఆ వ్యవధిలో విశ్వకిరణాలు చెదురుతూ వచ్చే దూరాన్ని బట్టి, మూలం దాదాపు మూడు వేల కాంతి సంవత్సరాల లోపు ఉండాలని అంచనా.

సముద్రగర్భంలో దొరికిన ఇనుము-60, ఇదీ ఒకటేనా?

కాదు. లోతైన సముద్రపు రాతి పొరల్లోనూ అంటార్కిటికా మంచులోనూ దొరికింది ధూళి రేణువుల్లో నెమ్మదిగా వచ్చి దిగిన ఇనుము. విశ్వకిరణాల్లో వచ్చింది ఒంటరి కేంద్రకంగా, విపరీతమైన వేగంతో. రెండూ కలిసి, ఇటీవలి కొన్ని పదుల లక్షల ఏళ్లలో మన పొరుగున సూపర్నోవాలు పేలాయని చెబుతున్నాయి. అవి రెండూ ఒకే పేలుడు నుంచి వచ్చాయని మాత్రం అనుకోకూడదు.

## ఇప్పుడు జరుగుతున్న పని

అంతా తెలిసిపోయినట్టేనా? ఇంకా ఏం కొలవాలి?

బెరీలియం-10నే ఇంకా ఎక్కువ శక్తి దగ్గర కొలవాలి. వేగంగా పోయే కేంద్రకానికి కాలం నెమ్మదిస్తుంది కాబట్టి బెరీలియం-10 ఎక్కువ దూరం బతికి ఉంటుంది. పాలపుంత చుట్టూ ఉన్న పల్చటి ప్రాంతం ఎంత ఎత్తుకు ఉందో ఆ కొలతతో తేలుతుంది. కృష్ణ పదార్థపు జాడల కోసం యాంటీప్రోటాన్లను చూసేవాళ్లకు కూడా ఆ ఎత్తు తెలియాలి, లేకపోతే మామూలుగా పుట్టే యాంటీప్రోటాన్లు ఎన్నో లెక్క కుదరదు. దీనికోసమే హెలిక్స్ అనే బెలూన్ పరికరం 2024 మేలో స్వీడన్‌లోని కిరునా నుంచి ఎగిరింది. అందులో ఒక టెస్లా బలమున్న సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం, డ్రిఫ్ట్ చాంబర్, చెరెన్‌కోవ్ వలయాలు చూసే డిటెక్టర్ ఉన్నాయి. ఏఎంఎస్-02 నుంచి తేలిక ఐసోటోపుల ఫలితాలు వస్తున్నాయి. వీటికి సమానంగా ప్రయోగశాలలో కేంద్రకాలను ఢీకొట్టి కొలిచే పని కూడా సాగాలి. సెర్న్‌లో ఎన్ఏ61/షైన్ ప్రయోగం ఆ దిశగా కార్బన్ కేంద్రకాలతో మొదలుపెట్టింది. డబ్బూ శ్రద్ధా ఈ రెండో పనికి ఇంకా ఎక్కువ రావాలని నా గట్టి అభిప్రాయం.

డేటా మేమూ చూడొచ్చా? చూసేటప్పుడు దేన్ని గమనించాలి?

చూడొచ్చు. ఏసీఈ డేటాను కాల్టెక్‌లోని ఏసీఈ సైన్స్ సెంటర్ అందరికీ అందుబాటులో ఉంచింది. ప్రచురితమైన కొలతలన్నిటినీ ఒకచోట పెట్టే డేటాబేసులూ ఉన్నాయి. ఏ నిష్పత్తినైనా వాడుకునే ముందు అది పరికరం దగ్గర కొలిచిందా, సూర్యుడి ప్రభావం తీసేసిందా, మూలానికి వెనక్కి లెక్కకట్టిందా చూడండి. మూడూ వేర్వేరు అంకెలు, కలిపి ఒకే గ్రాఫులో పెడితే అర్థం ఉండదు. శక్తి మొత్తం కేంద్రకానికా, ఒక్కో న్యూక్లియాన్‌కా చూడండి. కొలిచిన సంవత్సరం చూడండి, సౌర చక్రం ఏ దశలో ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. ద్రవ్యరాశి గుట్టల గ్రాఫు ఇచ్చి ఉంటే పట్టిక కంటే ముందు దాన్నే చూడండి. గుట్టల మధ్య లోయ కనిపించకపోతే, ఆ నిష్పత్తి పక్కన రాసిన పొరపాటు అంచనాను కాస్త పెంచుకుని చదవడం మంచిది.